సాగర్ రోడ్డులో నీళ్ళు తాగేముందు

హైదరాబాదు నుంచి నాగార్జునసాగరుకు బస్సులో వెళ్ళిన పాఠకులు చాలామందే వుంటారు. సుమారు నూటయాభై కిలోమీటర్ల దారి. ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, చింతపల్లి, మల్లేపల్లి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. కిటికీ ప్రక్కన కూర్చుంటే ఎవరో పేర్చిపెట్టినట్లున్న రాతిగుండ్లు, ఎర్రచెలకలు, తాటిచెట్లు, పత్తి చేలు, అక్కడక్కడ బత్తాయి తోటలు కనిపిస్తాయి. సాగరు చేరి, ఆనకట్ట చూసి, పడవెక్కి నాగార్జునకొండకు పోయి, తిరిగి వచ్చేస్తారు. దారిలో దిగేవారు తక్కువ.

ఈ వారం మనం సాగరు దాకా పోవద్దు. దారిలోనే దిగుదాం. మనిషి ఆరోగ్యం అతని వొంట్లోనే పుట్టదని, కాలికింద వున్న రాయి, కంచంలో వున్న కూడు, పెరిగే వయసు మూడూ కలిసి దానిని నిర్ణయిస్తాయని చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు మన తెలుగునాట లేదు.

మాల్ దాటి, మర్రిగూడ వైపు ప్రక్కదారి పట్టండి. శివన్నగూడ, వట్టిపల్లి వంటి వూళ్ళు వస్తాయి. చెట్టు కింద కూర్చున్న పెద్దవారిని పలకరించండి. కొందరు మీ వైపు మెడ తిప్పరు. నడుము పైభాగమంతా తిప్పి చూస్తారు. మెడ తిరగదు మరి. కొందరు వంగిన నడుముతో నేలను చూస్తూ నడుస్తారు. కొందరికి గొంతుక్కూర్చోవడం రాదు; కూర్చుంటే లేవడం రాదు. ముసలితనమేలే అనుకుంటారు మీరు. వయసు అడిగితే, మీరు వూహించినదానికన్నా పదేళ్ళు తక్కువ చెప్పేవారు వుంటారు.

ఇది అంటువ్యాధి కాదు. వంశపారంపర్యం కాదు. పాపఫలం అసలే కాదు. దీని పేరు ఫ్లోరోసిస్. ఏళ్ళ తరబడి తాగిన నీటిలోని ఫ్లోరైడు పళ్ళలో, ఎముకల్లో పేరుకుపోవడం వల్ల వచ్చే జబ్బు.

రాతిలోనిది నీటిలోకి

బస్సులోంచి మీరు చూసిన ఆ రాతిగుండ్లు నల్లసేనపు, గులాబి రంగుల గ్రానైటు రాళ్ళు. వాటిలో ఫ్లోరైడు గల ఖనిజాలున్నాయి: ఫ్లోరైటు, అపటైటు, కొన్ని రకాల అభ్రకం. వాన నీరు నేలలోకి ఇంకి, రాతి పగుళ్ళలో చాలాకాలం నిలిచివుంటే ఆ ఖనిజాలు మెల్లగా అందులో కరుగుతాయి. నీటిలో క్షారగుణం ఎక్కువై, కాల్షియం తక్కువైతే మరింతగా కరుగుతాయి. వానలు సమృద్ధిగా కురిసే చోట కొత్త నీరు వచ్చి పాత నీటిని పలుచన చేస్తుంది. ఇది వానలు తక్కువగా పడే ప్రాంతం. పలుచన చేసే నీరే కరువు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఫ్లోరైడు నీటికి రంగు లేదు, వాసన లేదు, ప్రత్యేకమైన రుచి లేదు. అద్దంలా తేటగా వుండే నీటిలోనూ వుండవచ్చు. కాచితే పోదు. పైగా నీరు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది.

మరి పూర్వం వాళ్ళు ఏ నీరు తాగేవారు? చెరువు నీరు, వాగు చెలమల నీరు, దిగుడు బావుల నీరు. వాననీరు చేరే చెరువుల్లో ఫ్లోరైడు సాధారణంగా తక్కువ. కాని ఆ నీటితో వచ్చే చిక్కులు వేరు. కలరా వచ్చేది, విరేచనాలు వచ్చేవి, దిగుడు బావుల్లో కాళ్ళు పెట్టినవారి నుంచి నారి కురుపు వ్యాపించేది. క్రిములు లేని నీరు ఇవ్వాలనే మంచి వుద్దేశంతోనే వూరూరా బోరింగులు వేశారు. నారి కురుపు పోయింది; 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశాన్ని ఆ జబ్బు లేని దేశంగా ధ్రువీకరించింది. అది నిజమైన విజయం. అయితే రాతినేలల్లో క్రిమిలేని నీరు వేరు, మంచినీరు వేరు. చెరువులు ఎండి, బోర్లు లోతుకు పోయినకొద్దీ ఈ తేడా జనం ఎముకలకు తెలిసివచ్చింది.

శాస్త్రానికి ఈ సంగతి కొత్తది కాదు. 1937లోనే నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించి వైద్య పత్రికలో ప్రకటించారు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల కథ అది. 1945లో నిజాం రాజ్యంలో ఈ జబ్బును గురించిన వ్యాసం వచ్చింది. 1955లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించింది. లండనులో డాక్టర్లు చదివారు. బావి దగ్గర బిందె ముంచే ఇల్లాలికి మాత్రం ఆ కబురు చేరడానికి చాలా కాలం పట్టింది.

అంకెలు ఏమంటున్నాయి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు. మన దేశ ప్రమాణం 1 మిల్లీగ్రాము దాటకుండా వుంటే మంచిదంటుంది. వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటుంది. ఆ హద్దు దాటితే పిల్లల పళ్ళ మీద మచ్చలు రావచ్చు. 3 నుంచి 6 మిల్లీగ్రాములున్న నీటిని ఏళ్ళ తరబడి తాగితే ఎముకల జబ్బు కనిపించవచ్చు. 10 దాటిన నీరు మనిషిని వికలాంగుడిని చేయగలదు.

అయితే ఈ అంకెలను చూసి మనది రెండే కదా అని గుండెమీద చెయ్యి వేసుకోకండి. లెక్క లీటరులో లేదు, కడుపులో వుంది. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీటిని ఒక గుమాస్తా నీడపట్టున కూర్చుని రోజుకు లీటరున్నర తాగాడనుకుందాం. అతని వొంట్లోకి చేరేది నాలుగున్నర మిల్లీగ్రాములు. అదే నీటిని వైశాఖమాసపు ఎండలో రాళ్ళు కొట్టే కూలీ అయిదు లీటర్లు తాగుతాడు. అతనికి చేరేది 15 మిల్లీగ్రాములు. ఇక అదే నీటితో వండిన అన్నం, కాచిన పప్పు, గటక, టీ అదనం. నీరు ఒకటే, వూరు ఒకటే. కష్టం చేసేవాడికి మూడింతలు.

గార పళ్ళు చెప్పే సాక్ష్యం

ఫ్లోరోసిస్ ముందుగా సంతకం పెట్టేది పిల్లల పళ్ళమీద. మొదట సుద్దముక్క రంగులో తెల్లని మచ్చలు. తర్వాత పసుపు, గోధుమ రంగు చారలు పంటికి అడ్డంగా వస్తాయి. జనం వీటిని గార పళ్ళంటారు. పళ్ళు తోముకోకపోవడం వల్ల వచ్చే గార ఇది కాదు. దవడలో పన్ను తయారవుతున్నప్పుడే, పింగాణీ వంటి పైపొరలో ఏర్పడిన లోపం. అందుచేత బొగ్గు, ఇటుకపొడి పెట్టి రుద్దితే మచ్చ పోదు సరికదా, పైపొర అరిగి పన్ను జివ్వుమంటుంది.

సుమారు ఎనిమిదేళ్ళ వయసు వరకు శాశ్వత దంతాల పైపొర తయారవుతూ వుంటుంది. ఆ వయసు దాటాక ఆ వూరికి వచ్చినవారికి పళ్ళ మచ్చలు రావు. కోడలుగా వచ్చిన అమ్మాయి పళ్ళు ముత్యాల్లా వుండి, ఆమె కన్న బిడ్డ పళ్ళు గార పట్టడం ఇందువల్లే. అంతమాత్రాన ఆ కోడలికి ప్రమాదం లేదనుకోకండి. ఎముకలకు వయసు హద్దు లేదు.

ఒకే బావి, వేర్వేరు వొళ్ళు

ఒకే బోరింగు నీళ్ళు తాగినా ఒకరు వంగిపోయి, మరొకరు నిటారుగా వుంటారు. అయితే నీళ్ళది తప్పు కాదన్నమాట అని వాదించేవారున్నారు. ఈ వాదం సరికాదు. వొంట్లోకి చేరిన ఫ్లోరైడులో కొంత మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. మిగిలినది ఎముకల్లో చేరుతుంది. పెద్దవారిలో సుమారు సగం నిలిచిపోతే, ఎముక చురుకుగా పెరిగే పసిపిల్లల్లో అంతకన్నా ఎక్కువ నిలుస్తుంది. మూత్రపిండాల జబ్బున్నవారిలో బయటికి పోవలసింది పోదు. తిండిలో కాల్షియం చాలినంత వుంటే అది పేగుల్లోనే ఫ్లోరైడును కొంతవరకు పట్టి వుంచి, రక్తంలోకి పోనివ్వదు. చాలకపోతే ఆ అడ్డు తొలగిపోతుంది.

అంటే పాలు, పెరుగు దొరికే ఇంట్లో జబ్బు ఆలస్యంగా రావచ్చు. వట్టి కారం మెతుకులు తినే ఇంట్లో త్వరగా రావచ్చు. బీదవాడికి రెండు దెబ్బలు. ఎండలో పని కనుక నీళ్ళు ఎక్కువ, కంచంలో కాల్షియం తక్కువ.

జొన్న చేసిన తప్పేమిటి?

ఇక్కడ సాగరు ఆనకట్ట కథలోకి వస్తుంది. 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదిలారు. కొన్నేళ్ళకు నల్లగొండ ప్రాంతపు పల్లెల్లో ఒక కొత్త రూపంలో జబ్బు కనిపించింది. ఎదిగే వయసు పిల్లల మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలేవి, పాదాలు ఎడమయ్యేవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో దీనిని లాన్సెట్ పత్రికలో వర్ణించారు.

వారి పరిశోధనలు ఇంటి కంచం దాకా వెళ్ళాయి. ఈ ప్రాంతంలో ప్రధాన ఆహారం జొన్న. అన్నం తిన్నవారికన్నా జొన్నలు తిన్నవారి వొంట్లో ఫ్లోరైడు ఎక్కువగా నిలిచిపోయినట్లు 1977లో ప్రకటించారు. జొన్నలో మాలిబ్డినం అనే ఖనిజం ఎక్కువైతే వొంట్లోని రాగి మూత్రం ద్వారా ఎక్కువగా పోతుందని అంతకుముందే, 1974లో గమనించారు. ఎముక గట్టిపడాలంటే రాగి అవసరం. పెద్ద జలాశయం వల్ల చుట్టుప్రక్కల భూగర్భజలం పైకి వచ్చి, నేల క్షారగుణం మారి, పైరు మాలిబ్డినాన్ని ఎక్కువగా పీల్చుకుని వుంటుందని వారి అభిప్రాయం.

జొన్నరొట్టె మానేయమని దీని అర్థం కాదు. జొన్న మంచి ధాన్యం. మంచినీరు తాగే చోట తరతరాలుగా దానిని తిని దృఢంగా వున్నారు. ఫ్లోరైడు నీరు, చాలని కాల్షియం, ఒకే ధాన్యం మీద బతికే పేదరికం, ఎదిగే వయసు కలిసినప్పుడే అది చేటు. మార్చవలసినది మొదట నీరు. తర్వాత కంచంలో రకాలు పెరగాలి.

వచ్చిన నీరు, పోయిన నీరు

1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, తేర్చి, వడకట్టి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించారు. దాని పేరే నల్లగొండ పద్ధతి. ఆఫ్రికాలోని టాంజానియా, ఇథియోపియా దాకా ఆ పేరు పాకింది. కాని రోజూ పాళ్ళు కొలిచి కలపాలి, మడ్డి తీసి పారబోయాలి. పాలు తప్పితే పటికలోని అల్యూమినియం నీటిలో మిగులుతుంది. కూలికి పోయే ఇంట్లో ఈ పని సాగడం కష్టం.

తిరిగి సాగర్ రోడ్డెక్కి గమనించండి. 2004 నుంచి హైదరాబాదు దాహం తీర్చే కృష్ణా నీరు కోదండాపురంలో శుద్ధి అయి, నసర్లపల్లి, గోడకొండ్ల మీదుగా పెద్ద పెద్ద గొట్టాల్లో పట్నానికి పోతున్నది. ఫ్లోరైడు వూళ్ళ ప్రక్కనుంచే పోతున్నది! ఆ నీరు తమ వూరికి గూడా రావాలని ఇక్కడి ప్రజలు ఏళ్ళ తరబడి అడిగారు, నిరసనలు చేశారు. విడతలు విడతలుగా నదీజలం పల్లెలకు వచ్చింది. 2016లో మిషన్ భగీరథ పథకం ప్రారంభమయ్యాక నల్లా నీరు ఇళ్ళ దాకా చేరింది.

ఇది పిల్లల విషయంలో పెద్ద మేలు. పుట్టింది మొదలు నదీజలం తాగిన బిడ్డకు పళ్ళు, కాళ్ళు చక్కగా వుండే అవకాశం వుంది. కాని ఎముకలో చేరిన ఫ్లోరైడు ఒక్క వానకు కొట్టుకుపోయేది కాదు. నీరు మారాక ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా తగ్గుతుంది. వంగిన వెన్ను తిరిగి నిటారు కాదు. అందుకే చెట్టు కింద మనం పలకరించిన పెద్దలు అలాగే వున్నారు. వారికి కావలసింది నొప్పికి వైద్యం, నడకకు ఆసరా, పింఛను, ఇంట్లో ఓపిక.

ఇంట్లో ఏం చేయాలి?

రాతినేలల్లో బోరునీరు తాగే పాఠకులు ఏ జిల్లావారైనా ఈ మాటలు గుర్తుపెట్టుకోండి.

తాగడానికి నల్లా నీరు పట్టి, వంటకు బోరునీరు వాడే ఇళ్ళున్నాయి. అన్నం వార్చకుండా వండితే ఆ నీరంతా అన్నంలోనే వుంటుంది. వంటకు, టీకి, పసిపిల్లల పాలలో కలపడానికి గూడా మంచినీరే వాడండి. బోరునీటిని స్నానానికి, గిన్నెలు తోమడానికి వుంచండి. నల్లా రాని రోజుకని రెండు బిందెలు ముందే నింపి మూత పెట్టుకోండి. వాననీటిని శుభ్రమైన కప్పు మీదనుంచి పట్టి నిలవచేసుకోగలిగితే మంచిది. దానిని కాచి తాగండి.

ఫ్లోరైడు తీసే యంత్రం కొంటే అది నిజంగా తీస్తున్నదో లేదో మధ్యమధ్య పరీక్ష చేయించండి. బిందె మీద గుడ్డ కట్టి వడకట్టడం, మామూలు కొవ్వొత్తి ఫిల్టరు ఫ్లోరైడును ఆపవు.

తిండిలో కాల్షియం పెంచండి. పాలు, పెరుగు, మజ్జిగ. పాలు కొనలేనివారు రాగిజావ తాగవచ్చు. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం వుంటుంది. నువ్వులు, మునగాకు, తోటకూర, ముల్లుతో నమిలి తినగల చిన్న చేపలు మంచివి. ఉసిరి, జామ, నిమ్మ వంటి విటమిన్ సి గలవి రోజూ ఏదో ఒకటి తినండి. ఎదిగే పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు ముందు పెట్టి తర్వాత ఇంట్లోవారు తినండి. మన పల్లెల్లో ఈ వరస తలకిందులుగా వుంటుంది.

చింతపండు విషయం అడిగేవారున్నారు. రోజుకు 10 గ్రాముల చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా పోయినట్లు పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రకటించారు. పాల్గొన్న పిల్లలు కొద్దిమందే. కనుక చారు, పులుసు హాయిగా తినండి గాని, చారు తాగుతున్నాం కదా అని చెడ్డనీరు తాగకండి.

పాలు కలపని టీ పదేపదే తాగకండి. టీ ఆకులోనూ ఫ్లోరైడు వుంటుంది. ఫ్లోరైడు వూళ్ళలో చిన్నపిల్లలకు ఫ్లోరైడు లేని పేస్టు ఇవ్వండి. మంచినీరున్న చోట ఫ్లోరైడు పేస్టు పళ్ళు పుచ్చకుండా కాపాడుతుంది. అయితే పిల్లలు మింగకుండా చూడాలి.

పెద్దవారు మూడు పనులు చేసి చూసుకోండి. మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్ళు తాకడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, రెండు చేతులు తల వెనుక చేర్చడం. ఇవి రాకపోతే ఫ్లోరోసిస్ అని తేలిపోదు. కీళ్ళవాతం వంటి వేరే కారణాలుండవచ్చు. బోరునీరు తాగే వూరైతే మాత్రం డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పండి. మూత్ర పరీక్ష, ముంజేతి ఎక్స్‌రే దారి చూపుతాయి. కాళ్ళలో తిమ్మిరి, పట్టు తప్పడం, మూత్రం బిగియడం కనిపిస్తే వెన్నుపాము నలుగుతున్నదేమో చూడాలి, ఆలస్యం చేయకండి. ఇటువంటి వెన్నును నాటువైద్యులచేత లాగించవద్దు, తొక్కించవద్దు. కాల్షియం మాత్రలు, ముఖ్యంగా మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు, డాక్టరు చెబితేనే వాడండి.

చివరగా, మీ బోరునీటిలో ఎంత ఫ్లోరైడు వున్నదో తెలుసుకోండి. గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలో పరీక్ష చేస్తారు. గాజుసీసా కాకుండా శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకోండి. బోరును కొద్ది నిమిషాలు నడిపించాక, అదే నీటితో సీసాను రెండుమూడు సార్లు తొలిచి నింపి, బిగుతుగా మూత పెట్టండి. వూరి పేరు, బోరు వున్న చోటు, తేదీ రాసి అంటించండి. వచ్చిన అంకెను కాగితం మీదే వుంచక, ఆ బోరు గోడమీద పెద్ద అక్షరాలతో రాయించండి. నీళ్ళకు వచ్చే ప్రతి ఇల్లాలూ దానిని చదువుకోవాలి.